ముందు చక్రాలు లాగడం లేదా? యాక్సిల్ విప్పే ముందు చూడాల్సినవి

కాంపాక్ట్ ట్రాక్టర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ మొరాయించగానే చాలామంది నేరుగా ముందు యాక్సిల్ విప్పడానికి సిద్ధపడతారు. నూనె కారుస్తూ, బేరింగులు లాగేసి, క్రౌన్ పినియన్ బయటికి తీసి చూస్తే అక్కడ అంతా బాగానే ఉంటుంది. అసలు లోపం సీటు పక్కనున్న లివర్ రాడ్డులోనో, జారిపోయిన ఒక సర్‌క్లిప్‌లోనో (గాడిలో పట్టి ఉండే స్ప్రింగు రింగు), కిందటి సీజన్‌లో మార్చిన టైర్లలోనో ఉంటుంది. అందుకే వెతకడానికి ఒక వరస ఉండాలి. డబ్బు ఖర్చు కానివి, బయటికి కనిపించేవి ముందు. గేర్లు చివర.

ఆ వరస అర్థం కావాలంటే శక్తి ముందుకు ఎలా వెళ్తుందో తెలియాలి. వెనక చక్రాలను తిప్పే గేరు నుంచే ముందు యాక్సిల్‌కు ఒక పాయ తీస్తారు. గేరుబాక్సులో ఒక జారే పళ్ల కప్లింగ్ ఉంటుంది. లివర్ వేస్తే ఫోర్కు (రెండు కొమ్ముల ఇనప ముక్క) దాన్ని జరుపుతుంది, పళ్లు పళ్లలో పడతాయి. అక్కడి నుంచి ట్రాక్టర్ పొట్ట కింద పొడవాటి షాఫ్ట్. దానికి రెండు చివరలా లోపల గాళ్లున్న స్లీవులు, అంటే స్ప్లైన్ కప్లింగులు. తర్వాత ముందు యాక్సిల్‌లో పినియన్ అనే చిన్న గేరు, అది తిప్పే క్రౌన్ అనే పెద్ద గేరు, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్, రెండు వైపులా హాఫ్ షాఫ్టులు, చక్రం మలుపు తిరిగే చోట బెవెల్ (ఏటవాలు పళ్ల) గేర్లు, చివర చక్రం బిగించే హబ్.

ఈ మొత్తంలో లేనిదొకటుంది. ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. లివర్ వేశాక రెండూ ఒకే కడ్డీకి కట్టేసినట్టే. ముందు చక్రం ఒక లెక్కలో, వెనక చక్రం ఒక లెక్కలో తిరిగి తీరాలి. ఆ లెక్క తేడా వస్తే సర్దుకోవాల్సింది నేల మీద జారే టైరే. నేల గట్టిదైతే టైరు జారదు. అప్పుడు ఆ బిగువంతా షాఫ్ట్ మీద, స్ప్లైన్ల మీద, కప్లింగ్ పళ్ల మీద పడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ సమస్యల్లో చాలా వరకు ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతాయి.

టైర్ల లెక్క

ముందు చక్రాలు వెనకవాటికంటే కొద్దిగా ముందుండేలా, అంటే నేల మీద కాస్త ఎక్కువ దూరం పరుగెత్తేలా తయారీదారులు గేర్లు అమరుస్తారు. దీన్ని లీడ్ అంటారు. సాధారణంగా 1 నుంచి 5 శాతం మధ్య ఉంచుతారు. సున్నా అయితే ముందు చక్రాలు సరిగ్గా లాగవు. సున్నా కంటే తగ్గితే అవి ట్రాక్టర్‌ను వెనక్కి పట్టి ఉంచుతాయి. 5 దాటితే ముందు టైర్లు త్వరగా అరుగుతాయి, షాఫ్ట్ మీద బిగువు పెరుగుతుంది, గట్టి నేల మీద ట్రాక్టర్ ఎగిరెగిరి నడుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. వెనక టైరు ఒక చుట్టుకు 3000 మిల్లీమీటర్లు నడుస్తుందనుకోండి, ముందు టైరు 2000. వెనక చక్రం ఒకసారి తిరిగేసరికి ముందు చక్రం 1.545 సార్లు తిరిగేలా గేర్లున్నాయి. 2000ను 1.545తో గుణిస్తే 3090. వెనకది 3000 నడిస్తే ముందుది 3090 నడవాలని చూస్తోంది. లీడ్ 3 శాతం, చక్కగా ఉంది.

ఇప్పుడు ముందు టైర్ల గట్లు అరిగి చుట్టు 1940కి దిగింది. అంటే టైరు వ్యాసార్ధంలో తగ్గింది పది మిల్లీమీటర్ల లోపే. 1940ని 1.545తో గుణిస్తే 2997. లీడ్ మొత్తం పోయింది. గేర్లన్నీ కొత్తవాటిలా ఉన్నా ముందు చక్రాలు సరిగ్గా లాగవు. 'యాక్సిల్ పోయింది' అని మెకానిక్ దగ్గరికి వచ్చే ట్రాక్టర్లలో ఇలాంటివి ఉంటాయి. ముందువి కొత్తవి, వెనకవి అరిగి 2900కి దిగితే కథ తిరగబడుతుంది: 3090ని 2900తో భాగిస్తే లీడ్ ఆరున్నర శాతం. ముందు టైర్లు రాచుకుపోతాయి, లివర్ బిగుసుకుపోతుంది.

ఇంకో చిక్కు. టైరు మీద రాసిన సైజు ఒకటే అయినా, రెండు కంపెనీల టైర్ల చుట్టు ఒకటి కాకపోవచ్చు. పొలం టైర్లు తీసి గట్టి నేలకు వాడే వెడల్పు గట్ల టైర్లు వేస్తే కూడా తేడా వస్తుంది. అందుకే ముందు జత మాత్రమే వేరే రకానికి మార్చేటప్పుడు సైజు చూసి కాదు, కంపెనీ ఇచ్చే రోలింగ్ సర్కంఫరెన్స్ (టైరు ఒక చుట్టుకు నడిచే దూరం) అంకె చూసి కొనాలి. గాలి విషయం కూడా ఇదే: ముందు టైర్లలో గాలి తగ్గినా చుట్టు తగ్గుతుంది. ఏ పరీక్షకైనా ముందు నాలుగింటిలో గాలి మాన్యువల్‌లో చెప్పినంత ఉందో లేదో చూడాలి.

సుద్దముక్క పరీక్ష

ఇంతకీ ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా పోయిందా అన్న ప్రశ్నే చాలాసార్లు తేలదు. బురదలో ముందు చక్రం ఒకటి గిరగిరా తిరుగుతూ రెండోది కదలకుండా ఉంటే అది లోపం కాదు. ముందు డిఫరెన్షియల్ లాక్ లేని ట్రాక్టర్లలో శక్తి తేలిగ్గా తిరిగే చక్రానికే పోతుంది. ఒక చక్రమైనా సొంతంగా తిరుగుతోందంటే డ్రైవ్ అక్కడిదాకా వస్తున్నట్టే. ఇంకో తప్పుడు సాక్ష్యం: 'కింద షాఫ్ట్ తిరుగుతోంది కదా, కాబట్టి డ్రైవ్ ఉంది'. ట్రాక్టర్ నడుస్తుంటే లివర్ తీసేసి ఉన్నా ముందు చక్రాలే ఆ షాఫ్ట్‌ను తిప్పుతాయి. కదులుతున్న ట్రాక్టర్‌లో షాఫ్ట్ తిరగడం దేనికీ రుజువు కాదు.

నికరంగా తేల్చేది లెక్క. దున్నిన మెత్తటి నేల మీద, స్టీరింగ్ నిటారుగా ఉంచి, వెనక టైరు మీద ఒకటి, ముందు టైరు మీద ఒకటి సుద్దతో గీతలు పెట్టండి. లివర్ తీసి, నెమ్మదిగా నడుపుతూ వెనక చక్రం సరిగ్గా 10 చుట్లు తిరిగేలోపు ముందుది ఎన్ని చుట్లు తిరిగిందో పక్కన నడిచే మనిషి లెక్కపెట్టాలి, చివర మిగిలిన ముక్క చుట్టుతో సహా. అదే దారిలో లివర్ వేసి మళ్లీ. మొదటిసారి 15, రెండోసారి 15.45 వస్తే తేడా 0.45. దాన్ని 15తో భాగిస్తే 3 శాతం లీడ్. డ్రైవ్ వస్తోంది, టైర్లూ సరిపోయాయి. రెండుసార్లూ ఒకే అంకె వస్తే డ్రైవ్ రావడం లేదు, లేదా లీడ్ సున్నా అయింది. లివర్ వేశాక చుట్లు తగ్గితే టైర్లు తేడా. చుట్లు 10 కాకుండా 20 తీసుకుంటే లెక్కలో పొరపాటు తగ్గుతుంది.

చక్రాలు లేపి చేత్తో తిప్పడం

సుద్ద పరీక్షలో రెండు అంకెలూ ఒకటే అయితే లోపం ఎక్కడుందో చేత్తోనే పట్టుకోవచ్చు. ఇంజిన్ ఆపి తాళం చెవి తీసేయండి. హ్యాండ్ బ్రేకు వేసి వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ముందు యాక్సిల్ మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది కాబట్టి జాకీ లేపేముందు యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య రెండు వైపులా చెక్క చీలికలు బిగించాలి. లేకపోతే ట్రాక్టర్ పక్కకు ఒరుగుతుంది. ముందు చక్రాలు రెండూ నేల వదిలాక స్టాండ్ల మీద దించండి. వెనక చక్రాలు మాత్రం నేల మీదే ఉండాలి. వెనక ఒక్క చక్రం లేపినా డిఫరెన్షియల్ వల్ల గేరు పట్టు పోతుంది, ట్రాక్టర్ కదలవచ్చు.

కింద షాఫ్ట్ కప్పు విప్పి, మొదట లివర్‌ను డ్రైవ్ వదిలేసిన చోట ఉంచండి. ఒకరు ఎడమ చక్రాన్ని కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు కుడిది తిప్పాలి. కాస్త బరువుగా తిరుగుతుంది, కింద షాఫ్ట్ కూడా తిరగాలి. తర్వాత కుడిది పట్టుకుని ఎడమది తిప్పండి. రెండుసార్లూ షాఫ్ట్ తిరిగితే చక్రం నుంచి పినియన్ దాకా యాక్సిల్ బాగున్నట్టే. తిరగకపోతే పినియన్ కొస చూడండి: అదీ తిరగకపోతే లోపం యాక్సిల్ లోపలే ఉంది, అది తిరుగుతూ షాఫ్ట్ నిలబడితే ముందు స్లీవులో ఉంది. పగిలిన వైపు చక్రం సాధారణంగా లోపల ఏ బరువూ లేనట్టు తేలిగ్గా తిరుగుతుంది. హాఫ్ షాఫ్ట్ ఒక్కవైపు విరిగినా రెండు చక్రాలూ లాగడం మానేస్తాయి, ఎందుకంటే డిఫరెన్షియల్ శక్తినంతా విరిగిన వైపే వదిలేస్తుంది. ఒక్కవైపే కదా, రెండోదైనా లాగాలి అనుకుని చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

ఇప్పుడు లివర్ వేయండి. ఆగి ఉన్నప్పుడు పళ్లకు పళ్లు ఎదురెదురుగా నిలిచి లివర్ పూర్తిగా పడకపోవచ్చు. చక్రాన్ని అటూ ఇటూ కాస్త ఆడిస్తే టక్కున పడుతుంది. పడ్డాక మళ్లీ ఒక చక్రం పట్టుకుని రెండోది తిప్పండి. కొద్ది లూజు వరకు కదిలి గట్టిగా ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే కింద షాఫ్ట్ చూడండి. యాక్సిల్ వైపు పినియన్ కొస తిరుగుతూ షాఫ్ట్ నిలబడి ఉంటే ముందు స్లీవు పోయింది. షాఫ్ట్ తిరుగుతూ గేరుబాక్సులోంచి వచ్చే కొస నిలబడితే వెనక స్లీవు. అన్నీ కలిసి తిరుగుతుంటే కప్లింగ్ పడలేదని అర్థం. అక్కడ కూడా గేరుబాక్సు విప్పే మాట తర్వాత.

లివర్, రాడ్డు, పిన్ను

లివర్ కదిలినంత మాత్రాన కప్లింగ్ కదిలినట్టు కాదు. లివర్ నుంచి రాడ్డు, రాడ్డు నుంచి గేరుబాక్సు పక్కనున్న చేయి (చిన్న ఇనప మీట), ఆ చేయి కూర్చున్న ఇరుసు లోపల ఫోర్కును జరుపుతుంది. చేయి, ఇరుసును కలిపేది సాధారణంగా ఒక చిన్న రోల్ పిన్ను (గొట్టంలా చుట్టిన ఉక్కు పిన్ను). అది లోపలే తెగితే బయటికి ఏమీ కనపడదు, లివర్ మామూలుగానే కదులుతుంది. తేలిగ్గా పట్టుకోవాలంటే చేయి మీద నుంచి ఇరుసు కొస మీదకు సుద్దతో ఒక గీత గీయండి. లివర్ వేసి తీయండి. గీత రెండు ముక్కలుగా పక్కకు జరిగితే పిన్ను తెగింది.

గీత చెదరకపోతే రాడ్డు పిన్ను తీసేసి, ఆ ఇనప చేతిని నేరుగా కదిలించండి. లోపల స్ప్రింగు గుండు ఒకటి గాడిలో పడినట్టు రెండు చోట్ల టక్కుమనాలి. చేత్తో కదిలిస్తే పడుతుంది, లివర్‌తో పడదు అంటే లోపం రాడ్డుదే: మోళ్ల దెబ్బకు వంగి ఉంటుంది, లేదా లివర్ గాడిలో మట్టి గట్టిపడి చివరిదాకా వెళ్లనివ్వదు. సరిచేసే పద్ధతి ఒకటే. గేరుబాక్సు చేతిని పూర్తిగా వేసిన చోట ఉంచాలి, లివర్‌నూ అలాగే ఉంచాలి. రాడ్డు చివర లాక్ నట్టు వదులు చేసి, పిన్ను బలవంతం లేకుండా దూరేదాకా పొడవు సర్దాలి. ఒకటి రెండు చుట్లు తేడా కూడా కప్లింగ్ సగమే పడటానికి చాలు.

ఆ సగం పడటమే గేరు ఎగిరిపోవడానికి మొదటి కారణం. ఖాళీగా బాగానే ఉంటుంది, బరువు పడగానే లివర్ తనంతట తానే వెనక్కి వస్తుంది. రాడ్డు సరిగ్గా సర్దాక కూడా ఎగిరిపోతుంటే గుండు వెనక స్ప్రింగు మెత్తబడి ఉండాలి, లేదా కప్లింగ్ పళ్ల కొసలు గుండ్రబడి ఉండాలి. పళ్లు గుండ్రబడ్డాక బరువు పడిన ప్రతిసారీ అవి ఒకదాన్నొకటి బయటికి నెడతాయి. లివర్‌ను తాడుతో కట్టేసి పని కానిచ్చేవాళ్లున్నారు. ఆ ఒత్తిడంతా ఫోర్కు మీద రాచుకుని దాన్నీ అరగదీస్తుంది, అప్పుడు మార్చాల్సినవి రెండు.

షాఫ్ట్ స్లీవులు

స్లీవు పక్కకు జారకుండా సర్‌క్లిప్పో రోల్ పిన్నో పట్టి ఉంచుతుంది. అది ఊడితే స్లీవు షాఫ్ట్ మీద నెమ్మదిగా వెనక్కి జరిగి, ఒకరోజు పూర్తిగా వదిలేస్తుంది. గేరుబాక్సూ యాక్సిలూ రెండూ బాగుంటాయి, డ్రైవ్ మాత్రం ఉండదు. స్లీవును ముందుకు తోసి కొత్త సర్‌క్లిప్ వేస్తే సరిపోయిన సందర్భాలు చాలా. పాత క్లిప్పు మళ్లీ వేయకండి, తీసేటప్పుడే దాని బిగువు పోతుంది. పిన్ను బదులు మేకు కొట్టడం ఇంకా అన్యాయం.

స్లీవు తీసినప్పుడు గాళ్లను దగ్గరగా చూడండి. ఎర్రటి పొడి కనిపిస్తే గ్రీజు లేక పొడిగా రాచుకుంటోందని. పళ్ల మీదభాగం నలుచదరంగా కాకుండా కత్తి అంచులా సన్నబడితే వాటి పని అయిపోయింది. అలాంటప్పుడు స్లీవు ఒక్కటే మార్చకూడదు. అరిగిన షాఫ్ట్ మీద కొత్త స్లీవు వేస్తే పళ్లు పూర్తిగా ఆనవు, కొత్తదీ త్వరగానే పోతుంది. జతగా మార్చి, మాలిబ్డినం కలిసిన గ్రీజు పట్టించి బిగించాలి. అయితే స్ప్లైన్లు ఊరికే పోవు. ఒకసారి మార్చాక మళ్లీ పోయాయంటే టైర్ల లెక్క దగ్గరికి తిరిగి వెళ్లాల్సిందే.

లివర్ వెనక్కి రాకపోతే

ఇది ఎక్కువగా లోపం కాదు, బిగువు. రోడ్డు మీదో గచ్చు మీదో లివర్ వేసి నడిపితే లీడ్ వల్ల షాఫ్ట్ మెలితిరిగినట్టు బిగుస్తుంది, పళ్లు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుంటాయి. సుత్తితో లివర్‌ను కొట్టకండి. నెమ్మదిగా రెండు మూడు మీటర్లు వెనక్కి నడిపి, లివర్ మీద చిన్న ఒత్తిడి ఉంచితే దానంతటదే వదులుతుంది. కుదరకపోతే మెత్తటి నేల మీదికి తీసుకెళ్లండి, లేదా పైన చెప్పిన జాగ్రత్తలతో ముందు చక్రం ఒకటి జాకీతో లేపండి. నేల వదలగానే ఆ చక్రం తనంతట కాస్త తిరిగి బిగువు దిగిపోతుంది, అందుకని చేతులు దూరంగా ఉంచుకోవాలి. మెత్తటి నేల మీద కూడా ప్రతిసారీ ఇలాగే బిగుస్తుంటే లీడ్ కొలవండి. లీడ్ సరిగానే ఉంటే తుప్పు పట్టిన పివట్టు, వంగిన రాడ్డు చూడండి.

యాక్సిల్: శబ్దం, నూనె

శబ్దం ఎక్కడిదో చెవికంటే లెక్క బాగా చెబుతుంది. చక్రం ఒక చుట్టుకు ఒక 'టక్' వస్తే హబ్ దగ్గర, చివరి గేరులో పన్ను పోయి ఉండవచ్చు. చక్రం ఒక చుట్టులో అనేకసార్లు వేగంగా కొడుతుంటే పినియనో షాఫ్టో. నేరుగా నడిపితే లేకుండా, మలుపులోనే వస్తే చక్రం తిరిగే చోటి బెవెల్ గేర్లు, వాటి బేరింగులు చూడాలి. స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు ముందు చక్రాలు వేగం పెంచుకునే ఏర్పాటు కొన్ని ట్రాక్టర్లలో ఉంటుంది. అక్కడ మలుపులో చిన్న మార్పు, శబ్దం సహజం.

విప్పే ముందు నూనె చూడండి. పాల రంగులో ఉంటే నీరు చేరింది, కింగ్ పిన్ (చక్రం మలుపు తిరిగే ఇరుసు) దగ్గరి సీలో, బ్రీదరో (లోపలి గాలి బయటికి పోయే చిన్న గొట్టం) కారణం. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే వేడికి లోపల గాలి పెరిగి, మంచి సీళ్లను కూడా బయటికి నెట్టి నూనె కార్పిస్తుంది. సీలు మార్చిన నెలకే మళ్లీ కారుతుంటే తప్పు సీలుది కాదు, ఆ చిన్న గొట్టానిది. డ్రెయిన్ ప్లగ్గు మీది అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉండటం మామూలే. గోరుకు తగిలే పెంకులు, సూది ముక్కలు ఉంటే మాత్రం యాక్సిల్ విప్పక తప్పదు. షాఫ్ట్ కప్పుగొట్టంలోంచి నూనె కారుతుంటే అది గేరుబాక్సు నుంచి వచ్చే కొస దగ్గరి సీలుదో, పినియన్ సీలుదో. గేరుబాక్సులో నూనె తగ్గుతోందా, యాక్సిల్‌లో తగ్గుతోందా చూస్తే ఏ సీలో తెలుస్తుంది.

నూనె రకంలో సొంత తెలివి పనికిరాదు. కొన్ని యాక్సిళ్లకు 80డబ్ల్యూ-90 గేరు ఆయిల్, కొన్నింటికి గేరుబాక్సుకు వాడే హైడ్రాలిక్ ఆయిలే. మాన్యువల్ మాటే మాట.

లివర్ బదులు బటన్ ఉన్న ట్రాక్టర్లలో ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టర్, తర్వాత సోలినాయిడ్‌కు (కరెంటుతో కదిలే వాల్వు) 12 వోల్టులు వస్తున్నాయా అన్నది చూడాలి. బటన్ నొక్కితే 'క్లిక్' వినిపించి కూడా డ్రైవ్ రాకపోతే కరెంటు వైపు కాదు, ఆయిల్ ఒత్తిడి వైపు వెతకాలి. స్ప్రింగుతో పట్టి, ఆయిల్ ఒత్తిడితో వదిలే రకాలూ ఉన్నాయి. వాటిలో వైరు తెగితే డ్రైవ్ పోదు, పైపెచ్చు తీసినా పోకుండా వేసే ఉంటుంది.

వాయిదా వేయకూడని కారణం

పొడి నేల మీద పని సాగిపోతోంది కదా అని ఈ మరమ్మతును పక్కన పెట్టేవాళ్లు మరిచేది బ్రేకులను. చాలా కాంపాక్ట్ ట్రాక్టర్లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంటే షాఫ్ట్ ద్వారా ముందు చక్రాలు కూడా ఆగుతాయి. ముందు లోడర్‌లో బరువు పెట్టుకుని వాలు దిగేటప్పుడు వెనక చక్రాలు తేలికవుతాయి, నేలను సరిగ్గా పట్టవు. ఆ సమయంలో ముందు డ్రైవ్ లేకపోతే బ్రేకు తొక్కినా వెనక టైర్లు జారుతాయే తప్ప ట్రాక్టర్ ఆగదు. బాగయ్యేదాకా వాలు మీద లోడర్ పని ఆపేయడమే మంచిది.

మరమ్మతు అయ్యాక యాక్సిల్‌లో నూనె పోసేటప్పుడు తొందరపడకండి. మధ్యలో పోసిన నూనె రెండు వైపులా హబ్బుల దాకా పాకడానికి సమయం పడుతుంది. పోసి, పది పదిహేను నిమిషాలు ఆగి, చదును నేల మీద మళ్లీ లెవెల్ చూసి, తక్కువైతే మళ్లీ పోయాలి. గంటసేపు నడిపాక ఇంకోసారి లెవెల్ చూసి, షాఫ్ట్ కప్పు బోల్టులు, చక్రాల నట్లు బిగించి, సుద్దముక్కతో చుట్లు మరోసారి లెక్కపెట్టండి.